ఏడాదికి ఎంత కాదు.. గంటకు ఎంత?

హైదరాబాద్ జీతం, జర్మనీ జీతం.. పోల్చే ముందు వేసుకోవాల్సిన అసలు లెక్క

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మీ క్లాస్ వాట్సాప్ గ్రూప్ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మీకు నాలుగు లక్షల ప్యాకేజీ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. మీరూ సంతోషంగానే ఉన్నారు. అంతలో రెండేళ్ల సీనియర్ ఒకరు స్టుట్‌గార్ట్ నుంచి ఫొటో పెట్టారు. కింద ఎవరో కామెంట్: ‘అన్నకి 48 వేల యూరోలట రా.. అంటే 48 లక్షలు!’

ఇంకేముంది.. పొద్దున గర్వంగా కనిపించిన నాలుగు లక్షలు రాత్రికి చిన్నబోతాయి. మర్నాడు కన్సల్టెన్సీకి ఫోన్. ఆ మర్నాడు ‘నాన్నా, జర్మనీ వెళ్తా’ అనే మాట. ఇంట్లో పొలం పాస్‌బుక్ బయటికి తీయాలా వద్దా అనే చర్చ.

వెళ్లడం తప్పు అని చెప్పడానికి కాదు ఈ కథనం. వెళ్లమని ఊదరగొట్టడానికీ కాదు. 2023-24లోనే 49 వేలకు పైగా భారతీయ విద్యార్థులు జర్మనీ విశ్వవిద్యాలయాల్లో చదివారు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. చాలామంది బాగానే స్థిరపడుతున్నారు. అయితే 4 లక్షలనూ 48 లక్షలనూ పక్కపక్కన పెట్టి ‘పన్నెండు రెట్లు’ అనేసుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఎందుకంటే ఆ రెండు అంకెలూ ఒకే కొలతవి కావు. ఒకటి కిలోల్లో, ఇంకొకటి శేర్లలో కొలిచినట్టు. ముందు రెండింటినీ ఒకే తూకానికి తెద్దాం.

మొదటి మెలిక: ప్యాకేజీ వేరు, బ్రూటో వేరు

మన దగ్గర ఆఫర్ లెటర్‌లో కనిపించేది సీటీసీ. అంటే మీ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందులో మీ పీఎఫ్ ఖాతాలో కంపెనీ వేసే వాటా ఉంటుంది. గ్రాట్యుటీ, గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే కూడా అందులోనే.

జర్మనీలో చెప్పే జీతం బ్రూటో. అంటే పన్నులు, మీ వాటా కోతలకు ముందు మీ జీతం. పింఛను, ఆరోగ్యం, నిరుద్యోగ బీమా కోసం కంపెనీ కట్టే వాటా అందులో ఉండదు. అది కంపెనీ పైన వేరేగా కడుతుంది. అంటే మనవాళ్లు చెప్పే అంకెలో కంపెనీ వాటా కలిసి ఉంటుంది, వాళ్లు చెప్పే అంకెలో కలవదు. ఈ ఒక్క తేడా తెలియకపోతే పోలిక మొదట్లోనే తప్పుతుంది.

కాబట్టి చేతికి వచ్చేదే చూద్దాం. ఇద్దరు స్నేహితులు ఉన్నారనుకుందాం. ఒకరిని హైదరాబాద్ ఫ్రెండ్ అని, ఇంకొకరిని జర్మనీ ఫ్రెండ్ అని పిలుద్దాం.

హైదరాబాద్ ఫ్రెండ్ సీటీసీ నాలుగు లక్షలు. ఇందులో కంపెనీ పీఎఫ్ వాటా నెలకు 1,800 చొప్పున ఏడాదికి 21,600. గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వేరియబుల్ కలిపి ఇంకో 35 వేలు తీసేయండి. మిగిలిన దాంట్లోంచి ఉద్యోగి పీఎఫ్ వాటా నెలకు మరో 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయ పన్ను లేదు. చివరికి చేతికి వచ్చేది నెలకు దాదాపు 26,500 రూపాయలు.

జర్మనీ ఫ్రెండ్ బ్రూటో 48 వేల యూరోలు, అంటే నెలకు 4,000. పింఛను, ఆరోగ్య బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా, నిరుద్యోగ బీమాలకు ఉద్యోగి వాటాగా సుమారు 21-22 శాతం పోతుంది. పెళ్లికాని ఉద్యోగి కాబట్టి ఆదాయ పన్ను ఇంకో 500 యూరోలకు పైగానే. చేతికి వచ్చేది దాదాపు 2,600 యూరోలు. దీన్ని నెట్టో అంటారు.

లెక్క తేలిగ్గా ఉండటానికి యూరోకు 100 రూపాయలు వేసుకుందాం. 2,600 యూరోలంటే 2 లక్షల 60 వేలు. అంటే మూడో వంతుకు పైగా కోతల్లోనే పోయింది. అయినా 26,500 ఎక్కడ, 2,60,000 ఎక్కడ.. ఇప్పటికీ పది రెట్లు కనిపిస్తోంది కదా? ఆగండి. ఇంకా గంటల దగ్గరికి రాలేదు.

రెండో మెలిక: చట్టంలో గంటలు, గోడ మీద గంటలు

పని గంటల గురించి మన దగ్గర ఈ మధ్య పెద్ద చర్చే నడిచింది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తారు. మీమ్స్ మీరంతా చూసే ఉంటారు. మరి చట్టం ఏమంటోంది?

1934 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వారానికి 54 గంటలు ఉండేది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ బాధ్యతలు చూసిన అంబేడ్కర్ కాలంలో 48 గంటల దిశగా అడుగులు పడ్డాయి. 1946 సవరణతో అది చట్టమైంది. ఆ 48 గంటల గీత నేటికీ అలాగే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలోనూ వారానికి 48 గంటలే పరిమితి, దాటితే రెట్టింపు వేతనం. ఐటీ, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకునే వెసులుబాటును 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇచ్చినా, వారం పరిమితి మాత్రం 48 దగ్గరే ఉంది.

జర్మనీలో 8 గంటల పనిదినం 1918 నాటి మాట. ఇప్పుడున్న పని వేళల చట్టం 1994లో వచ్చింది. రోజుకు 8 గంటలు. అవసరమైతే 10 దాకా వెళ్లొచ్చు, కానీ ఆరు నెలల సగటు మళ్లీ 8కి రావాలి. ఈరోజు పని ముగిశాక రేపు పని మొదలయ్యే లోపు 11 గంటల విరామం తప్పనిసరి. రాత్రి 11 దాకా కాల్‌లో ఉంటే, మర్నాడు పొద్దున 10 కంటే ముందు లాగిన్ అవ్వమని అడగకూడదన్నమాట. ఉద్యోగుల పని గంటలను యాజమాన్యాలు నమోదు చేయాల్సిందేనని 2022 సెప్టెంబరులో అక్కడి ఫెడరల్ లేబర్ కోర్టు తేల్చింది. మీ సీనియర్ ఉన్న స్టుట్‌గార్ట్ లాంటి చోట కార్లు, యంత్రాల పరిశ్రమల్లో ఒప్పందం ప్రకారం వారానికి 35 గంటలే. అదీ ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. 1984లో కార్మికులు వారాల తరబడి సమ్మె చేసి మొదలుపెడితే, 1995కి పూర్తిగా అమలైంది.

ఇక నిజ జీవితంలో? అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల ప్రకారం మన దేశంలో పనిచేసేవారి సగటు వారానికి 46-47 గంటలు. సగం మందికి 49 గంటలు దాటుతోంది. జర్మనీలో ఒక్కో ఉద్యోగి ఏడాదికి సగటున చేసే పని 1,350 గంటల లోపే. అభివృద్ధి చెందిన దేశాల్లో అన్నిటికన్నా తక్కువ. అయితే ఈ అంకె చూసి మోసపోకండి. అక్కడ పార్ట్‌టైమ్ చేసేవాళ్లు చాలా ఎక్కువ, అందుకే సగటు అంతగా దిగింది. మీరు ఫుల్‌టైమ్‌లో చేరితే వారానికి 38-40 గంటలు ఖాయం అనుకోండి.

ఇప్పుడు మన ఫ్రెండ్స్ దగ్గరికి వద్దాం. హైదరాబాద్ ఫ్రెండ్‌కి కాగితం మీద 45 గంటలు. రాత్రి క్లయింట్ కాల్స్, రిలీజ్ ముందు శనివారాలు కలిపితే 50 అనుకుందాం. నెలకు సుమారు 216 గంటలు. 26,500ని 216తో భాగిస్తే గంటకు 122 రూపాయలు. మియాపూర్ నుంచో ఎల్బీనగర్ నుంచో హైటెక్ సిటీకి రానూపోనూ రోజుకు రెండు గంటలు కూడా కలిపితే, గంటకు వంద దగ్గరికి దిగుతుంది.

జర్మనీ ఫ్రెండ్‌కి వారానికి 40, నెలకు 173 గంటలు. 2,600ని 173తో భాగిస్తే గంటకు 15 యూరోలు. రూపాయల్లో 1,500.

అంటే గంటల్లో చూస్తే తేడా పది నుంచి పన్నెండు రెట్లకు పెరిగింది! ‘చూశారా, సీనియర్ చెప్పిందే నిజం’ అంటారా? ఇంకో మెలిక ఉంది.

మూడో మెలిక: ఆ పైసలతో ఏమొస్తుంది?

హైదరాబాద్‌లో వంద రూపాయలకు టిఫిన్, టీ అయిపోతాయి. స్టుట్‌గార్ట్‌లో ఒక యూరోకు బేకరీలో ఒక బన్ను వస్తే గొప్ప. అందుకే ఆర్థికవేత్తలు మార్కెట్ మారకం రేటుతో పాటు కొనుగోలు శక్తి రేటు అనే ఇంకో లెక్క చూస్తారు. ప్రపంచ బ్యాంకు అంచనాలను బట్టి, అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకు మన దగ్గర 20 రూపాయల చిల్లరకు వస్తుంది. జర్మనీలో అదే సరుకుకు దాదాపు 0.7 యూరో కావాలి. ఈ రెండూ కలిపి చూస్తే, ఖర్చు పెట్టేటప్పుడు ఒక యూరో విలువ 100 రూపాయలు కాదు, 28-30 రూపాయలే.

అలా చూస్తే గంటకు 15 యూరోలు అంటే మన జీవితంలో సుమారు 435 రూపాయలు. 122తో పోలిస్తే పన్నెండు రెట్లు కాదు, మూడున్నర రెట్లు.

మరి ఏది నిజం? పన్నెండా, మూడున్నరా? రెండూ నిజమే. అక్కడే ఖర్చు పెట్టే ప్రతి యూరోకూ కొనుగోలు శక్తి లెక్క వర్తిస్తుంది. మిగిల్చి ఇంటికి పంపే ప్రతి యూరోకూ మార్కెట్ రేటు వర్తిస్తుంది. కాబట్టి మీకు ఎంత లాభం అన్నది మీరు ఎంత మిగులుస్తారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

జర్మనీ ఫ్రెండ్ నెల ఖర్చు చూద్దాం. ఓ మోస్తరు నగరంలో చిన్న ఫ్లాట్ అద్దె హీటింగ్‌తో కలిపి 700 యూరోలు. అక్కడ అద్దెలో రెండు రకాలు. ‘చల్లని అద్దె’ అంటే ఉత్త గోడలకు. ‘వెచ్చని అద్దె’ అంటే హీటింగ్, నీళ్లు వగైరా కలిపి. ప్రకటనలో చల్లని అద్దె చూసి సంబరపడొద్దు. అడ్వాన్సు చల్లని అద్దెకు మూడు నెలల దాకా అడగొచ్చు. తిండికి 250, దేశమంతా లోకల్ రైళ్లు, బస్సుల్లో తిరిగే నెల టికెట్ 2026 నుంచి 63 యూరోలు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికొకరు కట్టాల్సిన ప్రసార రుసుము 18.36. ఫోన్, ఇంటర్నెట్, బట్టలు, చిన్నాచితకా కలిపి 200 అనుకుందాం. మొత్తం 1,230 దాటింది. ఇండియాకు ఏడాదికోసారి వచ్చే టికెట్ కోసం, అనుకోని ఖర్చుల కోసం కొంత పక్కన పెట్టినా 1,100 యూరోలు మిగులుతాయి. మ్యూనిక్‌లో అయితే అద్దె దగ్గరే ఈ లెక్క తలకిందులవుతుంది.

హైదరాబాద్ ఫ్రెండ్ హాస్టల్లో ఉంటే తిండితో కలిపి 9 వేలు, రాకపోకలు, ఫోన్, సినిమా, బిర్యానీ కలిపి ఇంకో 8 వేలు. మిగిలేది 9-10 వేలు. ఇంటి నుంచే వెళ్లొస్తే ఇంకా ఎక్కువ.

ఒక వైపు లక్షా పది వేలు, ఇంకో వైపు పది వేలు. పొదుపులో తేడా మళ్లీ పదకొండు రెట్లు. ‘మరి ఇంకేం, వెళ్లిపోదాం’ అనుకునే ముందు చివరి మెలిక. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే.

నాలుగో మెలిక: ఆ జీతం ఈరోజుది కాదు

హైదరాబాద్ ఫ్రెండ్ జూన్‌లో చేరిపోతారు. జర్మనీ ఫ్రెండ్‌కి ఆ 48 వేల యూరోలు రావాలంటే ముందు మాస్టర్స్ చేయాలి. రెండేళ్లు అంటారు గానీ థీసిస్, ఉద్యోగ వేట కలిపి మూడేళ్లు వేసుకోవడం మంచిది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు లేదన్నది నిజమే. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి కొత్తగా చేరే మనలాంటి వాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. ప్రైవేటు సంస్థల ఫీజులు వేరే లోకం. ‘జర్మనీలో చదువు ఫ్రీ’ అని చెప్పి ప్రైవేటులో చేర్పించే కన్సల్టెన్సీలు ఉన్నాయి, జాగ్రత్త.

ఫీజు లేకపోయినా బతకడానికి డబ్బుందని చూపాలి. వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి. అందులోంచి నెలకు 992 చొప్పున తీసుకోవచ్చు. ఏపీఎస్ సర్టిఫికెట్, వీసా, టికెట్, మొదటి నెలల ఖర్చులు అదనం. రెండేళ్లకు కలిపి 20 లక్షలు అప్పు చేశారనుకుందాం. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. ఈఎంఐ నెలకు సుమారు 27,500. చదువుకునే కాలంలో పేరుకున్న వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువే.

ఆ అంకెను ఒకసారి ఆగి చూడండి. 27,500. హైదరాబాద్ ఫ్రెండ్ చేతికి వచ్చే మొత్తం జీతం 26,500. అంటే అక్కడ ఉద్యోగం దొరక్క తిరిగొచ్చి, ఇక్కడ ఫ్రెషర్‌గా చేరాల్సి వస్తే జీతమంతా ఈఎంఐకే చాలదు. మిగతాది నాన్న కట్టాలి. పొలం మీద తెచ్చిన అప్పయితే ఆ పొలమే కట్టాలి. ఈ రిస్కు పెద్ద జీతం పక్కన ఎవరూ రాయరు.

మరో విషయం. మూడేళ్ల తర్వాత జర్మనీ ఫ్రెండ్ మొదటి జీతం అందుకునే రోజుకు, హైదరాబాద్ ఫ్రెండ్‌కి మూడేళ్ల అనుభవం ఉంటుంది. స్కిల్స్ పెంచుకుని ఒకసారి కంపెనీ మారితే 8 లక్షల సీటీసీ అసాధ్యమేం కాదు. చేతికి 55 వేలు. అవే 216 గంటలకు భాగిస్తే గంటకు 254 రూపాయలు. జర్మనీ వైపు కొనుగోలు శక్తి లెక్కలో 435. మూడున్నర రెట్లు కాస్తా ఇప్పుడు 1.7 రెట్లు!

పొదుపులో మాత్రం జర్మనీదే పైచేయి. ఈఎంఐ కట్టాక కూడా నెలకు 80 వేల దాకా మిగలొచ్చు. హైదరాబాద్‌లో అప్పు లేకుండా 30 వేలు. కాబట్టి ఉద్యోగం దొరికితే నాలుగైదేళ్లలో జర్మనీ ఫ్రెండ్ అప్పు తీర్చి ముందుకెళ్తారు. ప్రశ్నంతా ఆ ‘దొరికితే’ అన్న మాట దగ్గరే ఉంది.

ఆ ‘దొరికితే’ను గట్టి చేసుకోవడం ఎలా?

చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలల గడువు ఇస్తుంది. ఈయూ బ్లూ కార్డు రావాలంటే 2026లో సాధారణంగా ఏడాదికి 50,700 యూరోల జీతం ఉండాలి. ఐటీ, ఇంజినీరింగ్ లాంటి కొరత ఉన్న రంగాలకు, డిగ్రీ అయ్యి మూడేళ్లు దాటని వారికి 45,934 యూరోలు చాలు. మన ఉదాహరణలోని 48 వేలు ఈ రెండో గీతకు పైనే ఉన్నాయి.

అడ్డంకి ఎక్కువగా భాష దగ్గర వస్తుంది. కోర్సు ఇంగ్లిష్‌లో ఉండొచ్చు. ఇంటర్వ్యూలో, టీమ్ మీటింగ్‌లో జర్మన్ కావాలి. బీ1 స్థాయి లేకుండా వెళ్తే అవకాశాలు సగానికి తగ్గినట్టే. ఇక్కడ ఆఖరి సంవత్సరంలో రోజుకు గంట కేటాయిస్తే బీ1 అందుకోవచ్చు. ఆ గంట లక్షలు విలువ చేస్తుంది.

చదువుకుంటూ పనిచేసేటప్పుడు నియమం గుర్తుంచుకోండి. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలు దాటకపోవడం మంచిది. కనీస వేతనం 2015లో గంటకు 8.50 యూరోలతో మొదలై, 2026 జనవరి నుంచి 13.90కి చేరింది. 2027లో 14.60. మన జాతీయ కనీస వేతన గీత ఏళ్ల తరబడి రోజుకు 178 రూపాయల దగ్గరే ఉండిపోయింది. జర్మనీలో పాత్రలు కడిగినా గంటకు 1,390 రూపాయలన్న మాట నిజమే. కానీ గోదాముల్లో రాత్రి షిఫ్టులు చేసి పరీక్షలు పోగొట్టుకున్నవారికి ఆ 13.90 ఎంత ఖరీదైనదో తెలుసు. వీలైతే మీ సబ్జెక్టులోనే విద్యార్థి ఉద్యోగం పట్టండి. డబ్బు దాదాపు అంతే, రేపటి ఉద్యోగానికి తలుపు కూడా అదే.

జీతం స్లిప్‌లో కనిపించనివి

రెండు దేశాల మధ్య కొన్ని తేడాలు అంకెల్లోకి ఒదగవు. వాటినీ తూకంలో వేయాల్సిందే.

జర్మనీలో వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 20 రోజుల సెలవు. చాలా కంపెనీలు 28-30 ఇస్తాయి. జ్వరం వస్తే అవి సెలవుల్లోంచి పోవు. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటితే, జబ్బు చేసినప్పుడు ఆరు వారాల దాకా కంపెనీ పూర్తి జీతం ఇవ్వాలి. ప్రొబేషన్ ఆరు నెలల వరకు. ఆ సమయంలో రెండు వారాల నోటీసుతో ఎవరైనా విడిపోవచ్చు. అంటే మొదటి ఆరు నెలలు భద్రత తక్కువే. మన దగ్గర 90 రోజుల నోటీసు, కొన్నిచోట్ల బాండ్లు. మారాలన్నా మారలేని పరిస్థితి.

మరోవైపు, అక్కడ ఆఫీసు అయిపోయాక మొదలయ్యే పని ఇక్కడ లెక్కలోకే రాదు. వంట, గిన్నెలు, బట్టలు, ఇల్లు ఊడవడం.. అన్నీ మీరే. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఇక్కడ అమ్మ కట్టిచ్చే టిఫిన్ బాక్సుకు, జ్వరమొస్తే మాత్రలు తెచ్చే రూమ్‌మేట్‌కు, ఇంట్లో ఎవరికైనా బాగోలేదంటే రాత్రి బస్సెక్కి పొద్దున్నే చేరిపోయే వీలుకు గంటకు ఎంత వేస్తారు? అది మీరే వేసుకోవాలి.

అలాగే, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ మోగదన్న నమ్మకానికి ఎంత వేస్తారు? అదీ మీ ఇష్టమే. కొందరికి అది అన్నిటికన్నా విలువైనది.

మీ లెక్క మీరే వేసుకోండి

ఏ దేశమైనా, ఏ ఆఫర్ అయినా ఈ వరుసలో చూడండి.

1. ప్యాకేజీ పక్కన పెట్టండి. నెలకు చేతికి ఎంత వస్తుందో హెచ్‌ఆర్‌ని అడిగి రాసుకోండి. ‘ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, గత ఏడాది వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు?’ అని అడగడం మర్యాద తప్పడం కాదు.

2. అదే కంపెనీలో పనిచేస్తున్న సీనియర్‌ని నిజమైన గంటలు అడగండి. ‘పని ఎలా ఉంది అన్నా?’ అంటే ‘బాగుంది’ అంటారు. ‘నిన్న ఎన్నింటికి లాగౌట్ అయ్యావు?’ అని అడగండి. నిజం తెలుస్తుంది.

3. ప్రయాణ సమయం కలిపి భాగించండి. గంటకు ఎంతో తేలుతుంది.

4. విదేశమైతే ఖర్చును కొనుగోలు శక్తి లెక్కలో, పొదుపును మార్కెట్ రేటులో.. విడివిడిగా చూడండి.

5. వెళ్లడానికి పట్టే ఏళ్లు, అప్పు, వడ్డీ కలపండి. ‘ఈరోజు ఇక్కడ, ఈరోజు అక్కడ’ అని కాక ‘మూడేళ్ల తర్వాత ఇక్కడ, మూడేళ్ల తర్వాత అక్కడ’ అని పోల్చండి.

6. చివరిగా చెడు లెక్క ఒకటి వేయండి. ఉద్యోగం రాకపోతే ఈఎంఐ ఎవరు కడతారు? ఎన్ని నెలలు కట్టగలరు? ఈ ప్రశ్నకు ఇంట్లో అందరి ముందూ జవాబు చెప్పగలిగితే ధైర్యంగా వెళ్లండి. చెప్పలేకపోతే ఇక్కడే ఒకటి రెండేళ్లు పనిచేసి, కొంత కూడబెట్టి, భాష నేర్చుకుని వెళ్లండి. జర్మనీ ఎక్కడికీ పోదు. అనుభవంతో వెళ్లేవారికి విలువ కూడా ఎక్కువ.

ఇక్కడే ఉండాలనుకుంటే ఒక మాట. కొత్త కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. అలవెన్సుల పేరుతో వేతనాన్ని సగం కంటే తక్కువ చూపడం కుదరదు. నిర్ణీత కాల కాంట్రాక్టు మీద చేరినా ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. ఇవి తెలుసుకుని సంతకం పెట్టండి. జర్మనీ వెళ్లినవాళ్లు తమ హక్కులు చదువుకున్నట్టే, ఇక్కడ ఉన్నవాళ్లూ చదువుకోవాలి.

మళ్లీ వాట్సాప్ గ్రూప్ దగ్గరికి వద్దాం. ఈసారి ఎవరైనా ‘48 లక్షలట!’ అని పెడితే నిట్టూర్చకండి, తొందరపడకండి. ఒక కాగితం తీసుకోండి. పన్నెండు, మూడున్నర, 1.7.. మీ అంకె ఏదో తేల్చండి. దాని కింద 27,500 కూడా రాయండి. ఆ కాగితాన్ని రాత్రి భోజనాల దగ్గర నాన్న ముందు పెట్టండి. పాస్‌బుక్ బీరువాలోంచి తీయాలా వద్దా అన్నది అప్పుడు ఇద్దరూ కలిసి మాట్లాడుకోవచ్చు.